అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో ఈదేదెలా మాస్టారూ?

ఆటల శీర్షిక: పాఠకుల ప్రశ్నలకు శ్రీకాకుళం పి.డి. (వ్యాయామ విద్య) మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ట్రయథ్లాన్ గురించే. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చెయ్యాల్సిన పోటీ ఇది. కొత్తవాళ్ల కోసం దూరాలు ఒక్కసారి చెప్పేస్తాను. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరమైతే 1.5, 40, 10 కిలోమీటర్లు. హాఫ్ ఐరన్‌మ్యాన్ అని పిలిచేది 1.9, 90, 21.1. ఉత్తరాలన్నిట్లోనూ భయం మాత్రం ఒక్కదాని గురించే, సముద్రం. అందుకని కబడ్డీ, వాలీబాల్ ప్రశ్నలు వచ్చే నెలకి ఆపి, ఈ నెల చోటంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నాకు 29 ఏళ్లు. రాజాంలో బ్యాంకు ఉద్యోగం. స్విమ్మింగ్ పూల్‌లో ఆగకుండా రెండు కిలోమీటర్లు ఈదగలను. గోవాలో జరిగే హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి పేరిచ్చాను. ప్రాక్టీసు కోసం ఒక స్నేహితుడితో కళింగపట్నం వెళ్లి సముద్రంలో దిగితే, అలలు దాటకముందే ఊపిరి అందలేదు. గుండె దడదడలాడింది. ఒడ్డుకి వచ్చేశాను. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. పోటీ రోజు సముద్రం ఇలాగే ఉంటే నా గతేమిటి?

జవాబు: బాబూ, ఒడ్డుకి వచ్చేసి మంచి పని చేశావు. నీకు జరిగినదానికి కారణం ఉంది. అది తెలిస్తే దడ చాలావరకు తగ్గుతుంది.

అల మొహానికి కొట్టగానే ఎవరైనా ఊపిరి బిగబడతారు. పూల్‌లో నీళ్లలోకి బుడబుడమని గాలి వదిలే అలవాటు అక్కడ ఒక్కసారిగా పోతుంది. పాత గాలి బయటికి పోదు, కొత్త గాలికి చోటుండదు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఊపిరాడనట్టు అనిపిస్తుంది. దాంతో ఇంకా గట్టిగా పీల్చబోతాం, ఛాతీ ఇంకా బిగుసుకుంటుంది. ఆ క్షణంలో ముందు గాలి వదలాలి. దీన్ని పూల్‌లోనే అలవాటు చేసుకో. నీళ్లలో మొహం పెట్టినప్పుడల్లా 'ఊ...' అని రాగం తీస్తూ వదులు. శబ్దం వినబడుతోందంటే గాలి పోతున్నట్టే. సముద్రంలో దిగాక కూడా నడుము లోతులో నిలబడి మెడ, మొహం తడుపుకుని, కాసేపు ఇదే చేసి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యి. పోటీలో అందరికంటే ముందు వరసలో దిగకు. ఓ పక్కగా, వెనకగా దిగు. మొదటి రెండు మూడు వందల మీటర్లు కావాలనే నెమ్మదిగా ఈదు. 1.9 కిలోమీటర్లకి గంటా పది నిమిషాలు ఇస్తారు. నీ ఈతకి అది చాలు.

ఒకవేళ మధ్యలో మళ్లీ దడ వస్తే వెల్లకిలా తిరిగి ఆకాశం వైపు చూడు. ఉప్పునీళ్లు పూల్ నీళ్లకంటే బాగా తేలుస్తాయి. చలిదేశాల్లో వాళ్లు తొడుక్కునే రబ్బరు వెట్‌సూట్ మన వెచ్చటి నీళ్లలో ఉండదు కాబట్టి, వీడియోల్లో వాళ్లు తేలినంత ఎత్తున తేలతావని మాత్రం అనుకోకు.

ఇక సముద్రం సంగతి. నేను పుట్టింది గార మండలంలో, వేట మీద బతికే ఊళ్లో. మా నాన్న తెప్ప తొయ్యబోయే ముందు ఒక చుట్ట కాలేంతసేపు ఒడ్డున కూర్చుని నీళ్ల వంకే చూసేవాడు. ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. అలలు గుంపులుగా వస్తాయి. పెద్దవి నాలుగైదు వరసగా విరిగాక కాసేపు చిన్నవి వస్తాయి. ఆ సందులోనే తెప్ప తోసేవాళ్లు. నువ్వు దిగాల్సింది కూడా ఆ సందులోనే. కాబట్టి వెళ్లగానే బట్టలు మార్చుకోకు. కూర్చో. పది పదిహేను నిమిషాలు చూడు.

చూస్తున్నప్పుడు తెల్లటి నురగ వరసలో ఎక్కడైనా ఖాళీ ఉందేమో వెతుకు. అక్కడ అల విరగదు. నీళ్లు ముదురు రంగులోనో, ఇసుక కలిసి మట్టి రంగులోనో కనిపిస్తాయి. నురగ, చెత్త లోపలికి పోతూ ఉంటాయి. చూడ్డానికి మాత్రం అదే నెమ్మదైన చోటులా ఉంటుంది. కార్తీకమాసం పిక్నిక్‌లకి వచ్చిన పిల్లలు సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకి వచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. రిప్ కరెంట్ అంటారు. మంచి జోరు మీదుంటే సెకనుకి రెండు మీటర్లకు పైగా లాగుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈది ఒళ్లు హూనం చేసుకోకు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదు, అలలు విరుగుతున్న చోటికి చేరాక ఒడ్డుకి తిరుగు. ఆ శక్తి లేకపోతే తేలుతూ చెయ్యెత్తు. ఆ నీరు లోపలికి లాగుతుంది గానీ అడుక్కి లాగదు. కళింగపట్నంలో అయితే వంశధార కలిసేచోటికి బాగా ఎడంగా ఉండు. వరద రోజుల్లో ఆ నీటి వడి చూసినవాడెవడూ అటు దిగడు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు, ఆటు రెండూ ఎక్కువే, అది కూడా చూసుకుని రోజు ఎంచుకో.

అలలు దాటడం ఇలా. మోకాళ్ల లోతు దాకా కాళ్లు ఎత్తెత్తి వేస్తూ పరుగెత్తు. నడుము లోతులో విరగబోతున్న అల ఎదురైతే దాని మీదికి ఎగరకు, కిందికి దూరు. రెండు చేతులూ ముందుకి చాపి, అడుగున ఇసుక పిడికిళ్లతో పట్టుకో. తలమీదుగా అల ఉరుముతూ పోతుంది. వీపు మీద దాని బరువు తెలుస్తుంది, చెవుల్లో ఇసుక గరగరమంటుంది. ఆ బరువు తేలికపడగానే కాళ్లతో అడుగుని తన్ని పైకి వచ్చి, తర్వాతి అల ఎక్కడుందో చూడు. ఇది భయం తీరేదాకా చెయ్యి. ఒకరోజంతా ఇదే చేసి, ఒక్క చెయ్యి కూడా ఈదకుండా ఇంటికి వచ్చినా ఆ రోజు వృథా కాదు. ఒడ్డుకి వచ్చేటప్పుడు వెనక్కి చూడ్డం మర్చిపోకు. చాలామందిని పడేసేది వెనకనుంచి వచ్చిన అలే. చేతికి ఇసుక తగిలేదాకా ఈదుతూనే రా, అప్పుడు లేచి నిలబడు.

అలలు విరిగే చోటు దాటాక గాలి ఏ వైపునుంచి కొడుతోందో దానికి అవతలి వైపు తల తిప్పి ఊపిరి తీసుకో. అందుకే రెండు వైపులా ఊపిరి తీసుకోవడం పూల్‌లోనే నేర్చుకోవాలి. దారి చూసుకోవడానికి నీళ్లలో గుర్తుగా తేలే బోయాని నమ్ముకోకు, అల మధ్యలో ఉంటే అది కనబడదు. అల నిన్ను పైకెత్తినప్పుడు మాత్రమే తలెత్తి, ఒడ్డున ఎత్తుగా ఉన్నదాన్ని చూడు. కళింగపట్నంలో లైట్‌హౌస్ ఉంది, ఇంకో చోట సెల్ టవరో సరుగుడు తోపు చివరో ఉంటుంది. నీటి వాలు కూడా తెలిసి ఉండాలి. మన తీరంలో మార్చి, ఏప్రిల్‌లో నీరు ఉత్తరానికి నడుస్తుంది, నవంబర్‌లో దక్షిణానికి. తిన్నగా ఈదుతున్నాననుకున్నవాడు బాగా పక్కకి తేలడం నేను చాలాసార్లు చూశాను.

పోటీలో కయాక్ అనే చిన్న పడవల మీద వాలంటీర్లు ఉంటారు. యాభై దాటాక నేను పాల్గొన్న ఒక సముద్రపు ట్రయథ్లాన్‌లో గాలి తెల్లారకముందే లేచింది. మొదటి బోయా దగ్గర వరసగా రెండు అలలు నోట్లోకి వెళ్లాయి. చెయ్యెత్తితే ఒక అబ్బాయి కయాక్ దగ్గరికి తెచ్చాడు. దాన్ని పట్టుకుని దగ్గి, కక్కి, ఊపిరి కుదుటపడ్డాక వదిలేసి ఈదుకుంటూ వెళ్లి పోటీ పూర్తిచేశాను. పడవ నిన్ను ముందుకి లాక్కెళ్లనంత వరకు దాన్ని పట్టుకుని ఆగొచ్చని నిబంధనల్లోనే ఉంది. చెయ్యెత్తితే పరువు పోతుందనుకునే కుర్రాళ్లని చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది.

చివరగా ఒకటి అడుగుతాను. నీతో వచ్చిన స్నేహితుడికి ఈత వచ్చా? ఒడ్డున బట్టలకి కాపలా ఉండేవాడిని తోడు అనలేం. కళింగపట్నంలోనో బందరువానిపేటలోనో ఇంజన్ పడవ ఉన్న మత్స్యకారుడిని అడుగు, డీజిల్ ఖర్చూ కూలీ ఇవ్వు, పడవ నీ పక్కనే నడవాలి. నడుముకి కట్టుకునే నారింజ రంగు గాలి బుడ్డీ ఒకటి కొనుక్కో. ఇవి రెండూ లేకుండా దిగొద్దు. బతిమాలుతున్నాను.

ప్రశ్న: నా వయసు 51. బొబ్బిలిలో టీచర్‌ని. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. రోజూ పరిగెడతాను, ఈతా వచ్చు. సముద్రపు ఈత ఉన్న స్ప్రింట్ చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొచ్చు మాస్టారూ, డాక్టరు సరేనన్నాక. ట్రయథ్లాన్‌లలో సంభవించిన మరణాల్లో ఎక్కువ భాగం ఈతలోనే జరిగాయి. పరుగులో బాగున్న గుండె ఈతలోనూ అలాగే ఉంటుందని అనుకోకండి. గుండె డాక్టరుకి చూపించుకుని, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని అడగండి. పోటీ రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కూడా ఆయన్నే అడగండి.

ఇంకో విషయం బీపీ ఉన్నవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. కొందరికి ఈదుతుండగా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, అది మింగిన సముద్రపు నీరు కాదు, ఒంట్లోంచి వచ్చేదే. మామూలు అలసటకి మించిన ఆయాసం, ఆగని దగ్గు, ఛాతీలో గరగర, ఒక్కోసారి గులాబీ రంగు నురగ. వీటిలో ఏది కనిపించినా వెంటనే చెయ్యెత్తి నీళ్లలోంచి బయటికి రండి. పడుకోకుండా కూర్చోండి, ఆసుపత్రికి వెళ్లండి. కాసేపట్లో తగ్గిపోతుందిలే అని సైకిల్ ఎక్కొద్దు.

ప్రశ్న: మాది పలాస. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఏడాదిపాటు కష్టపడి ట్రయథ్లాన్‌కి తయారైంది. తీరా పోటీ రోజు తెల్లవారుజామున సముద్రం బాగోలేదని ఈత తీసేసి పరుగు, సైకిల్, మళ్లీ పరుగు పెట్టారట. ఏడుస్తూ ఫోన్ చేసింది. అలలు తను ఈదగలిగేంతే ఉన్నాయంటోంది. ఇలా మార్చడం న్యాయమేనా మాస్టారూ?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి బాధ నాకు అర్థమైంది. ఏడాది కష్టం ఊరికే పోయినట్టు అనిపిస్తుంది. కానీ ఆ ఉదయం రద్దు చేసినవాళ్లకి నేను దండం పెడతాను.

నిర్వాహకులు చూసేది బాగా ఈదేవాళ్లు ఈదగలరా అని కాదు. అందరికంటే బలహీనంగా ఈదేవాడు మునుగుతుంటే పడవ వాడి దగ్గరికి చేరగలదా అని. గాలికి చెదిరిన నీళ్లలో వందల తలల మధ్య ఎత్తిన ఒక్క చెయ్యి కనబడదు. కయాక్‌లే తిరగబడతాయి. మీ అమ్మాయి ఈది ఉండేదేమో, పక్కనున్న వాళ్ల మాటేమిటి?

ఇది కొత్త కూడా కాదు. 1979లో హవాయిలో జరిగిన రెండో ఐరన్‌మ్యాన్‌నే వాతావరణం బాగోలేక ఒకరోజు వాయిదా వేశారు. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జూలై 27న మహిళల పోటీని వాన, గాలి వల్ల పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టారు. తడి రోడ్ల మీద సైకిళ్లు జారి కొందరు పడ్డారు. ఆ రోజే బెర్ముడా అమ్మాయి ఫ్లోరా డఫీ తన దేశానికి మొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. 2024లో పారిస్‌లో వానల వల్ల సీన్ నది నీళ్లు కలుషితమై పురుషుల పోటీని జూలై 30 నుంచి 31కి జరిపారు. ఒలింపిక్స్‌లోనే ఆగారు.

పరుగు, సైకిల్, పరుగు కలిసిన పోటీని డ్యుయాథ్లాన్ అంటారు, దానికి దాని గౌరవం ఉంది. సముద్రపు ఈత కావాలంటే మీ అమ్మాయి మళ్లీ పేరిస్తుంది. మీ ఊరివాళ్లు 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను చూశారు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నం పక్కనే తీరం దాటింది. మన తీరంలో సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఏ ప్రాక్టీసు పెట్టుకున్నా తుపాను లెక్క అందులో ఉండాల్సిందే. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని వార్త వింటే ఆ రోజు నీళ్ల జోలికి వెళ్లొద్దని చెప్పండి, మర్నాడూ వద్దు. వేసవిలో ఎండ కాస్తూ ఆకు కదలకపోయినా పెద్ద అలలు వస్తాయి, ఎక్కడో దూరాన దక్షిణ మహాసముద్రంలో పుట్టినవి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాటి గురించి ముందే హెచ్చరిస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఆ హెచ్చరిక చూసే అలవాటు చేసుకుంటే మంచిది.

ప్రశ్న: సోంపేట నుంచి రాస్తున్నాను. ఈత, పరుగు ఫరవాలేదు. బారువ వైపు సైకిల్ ప్రాక్టీసు చేస్తుంటే గాలికి బండి పక్కకి పోతోంది. వానలో మరీ భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉద్దానం రోడ్లలో గాలి ఒక్కలా ఉండదు. కొబ్బరి, జీడి, సరుగుడు తోటల చాటున వెళ్తున్నంతసేపూ తెలియదు. తోట అయిపోయి పొలాలో ఉప్పు నేలలో వచ్చిన చోట పక్కనుంచి ఒక్క తోపు తోస్తుంది. కాబట్టి తోట చివర కనబడగానే సిద్ధం కావాలి. ముందుకి చాపి పట్టుకునే ఏరో బార్లు వదిలేసి కింది హ్యాండిల్ పట్టుకో. మోచేతులు వదులుగా, పట్టు గట్టిగా కాకుండా ఉంచు. గాలి తోసినప్పుడు బండి ఓ జానెడు పక్కకి జరగనివ్వు, వెనక్కి లాగబోతేనే పడతావు. గాలి రోజుల్లో ముందు చక్రానికి ఎత్తు అంచున్న రిమ్ వాడకు. ఎదురుగాలిలో మీటరు వంక చూసి వేగం కోసం పోరాడకు, ఒంటి కష్టం ఒకేలా ఉంచుకో. ఐరన్‌మ్యాన్ లాంటి పోటీల్లో ఒకరి వెనక ఒకరు గాలి చాటున వెళ్లకూడదు. సైకిల్‌కీ సైకిల్‌కీ 12 మీటర్ల ఎడం ఉండాలి.

వానలో టైరు గాలి కొంచెం తగ్గించు. మలుపు ముందే బ్రేకు వేసెయ్యి, మలుపులో వద్దు. రిమ్ బ్రేకులైతే ముందు ఒకసారి మెల్లగా నొక్కి తడి తుడిచి, ఆ తర్వాత గట్టిగా వెయ్యి. తెల్ల గీతల మీద, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం అంచుల మీద చక్రం ఎక్కించకు. సముద్రం దగ్గర తిరిగిన సైకిల్‌ని అదే రోజు మంచినీళ్లతో కడిగి గొలుసుకి నూనె పెట్టాలి, ఉప్పు గాలికి తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది.

ఈతలో ఉప్పునీళ్లు మింగి ఉంటావు కాబట్టి సైకిల్ ఎక్కగానే తీపివేవీ తాగకు. కాసేపు మంచినీళ్లు మాత్రమే గుక్క గుక్కగా తాగు, కడుపు కుదుటపడ్డాకే తిండి. పోటీకి మూడు గంటల ముందు రోజూ తినేదే తిను. చోడి (రాగి) అంబలి అలవాటుంటే అదే బంగారం.

ప్రశ్న: సార్, మాది పూసపాటిరేగ మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. డిగ్రీ చదువుతున్నాను. జిల్లా స్థాయిలో పరుగులో ప్రైజు వచ్చింది. చిన్నప్పట్నుంచీ అలల్లోనే పెరిగాను. ట్రయథ్లాన్ చెయ్యాలనుంది. సైకిల్ కొనే స్తోమత లేదు. మా నాన్న "సంద్రం మనకి అన్నం పెట్టేది, దాని మీద ఆటలేటిరా" అంటున్నాడు. ఏం చెయ్యాలి?

జవాబు: నాయనా, నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఈ నెల ఉత్తరాలు రాసినవాళ్లంతా డబ్బు పెట్టి నేర్చుకోవాలనుకునే విద్య నీకు పుట్టుకతో వచ్చింది. అల ఎప్పుడు విరుగుతుందో, ఎక్కడ లాగుడు ఉందో నీ కాళ్లకే తెలుసు.

అయితే అలల్లో ఆడుకోవడం వేరు, కిలోమీటరున్నర ఈదడం వేరు. మన ఊళ్లలో తల పైకెత్తి చేతులు బాది ఈదుతారు. దానికి మెడ, భుజాలు త్వరగా అలిసిపోతాయి. మొహం నీళ్లలో పెట్టి, ఒళ్లు బల్లపరుపుగా ఉంచి, పక్కకి తిరిగి ఊపిరి తీసుకునే ఫ్రీస్టైల్ నువ్వు నేర్చుకోవాలి. ఇందాక బ్యాంకు బాబుకి చెప్పిన 'ఊ...' నీకూ పనికొస్తుంది.

సైకిల్ లేదని ఆగకు. ఈత, పరుగు మాత్రమే ఉండే అక్వాథ్లాన్ అనే పోటీ ఉంది, ట్రయథ్లాన్ నడిపే అంతర్జాతీయ సమాఖ్యే దాన్నీ నడుపుతుంది. దాంతో మొదలుపెట్టు. జాతీయ క్రీడల్లో ట్రయథ్లాన్ ఉంది కాబట్టి దారి అక్కడిదాకా ఉంది. ట్రయథ్లాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000లో సిడ్నీలో. అదే సిడ్నీలో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యం తెచ్చింది. ఆమె కూడా మన జిల్లాల మట్టి మీదే మొదలుపెట్టింది.

మీ నాన్నగారి మాటని కొట్టిపారెయ్యకు. సముద్రం మీద ఆయనకున్న భయభక్తులు నీకూ ఉండాలి. ఆయన్ని నీ ప్రాక్టీసులోకే తీసుకురా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజుల్లో తెల్లవారుజామున ఒడ్డుకి వచ్చి, ఈరోజు దిగొచ్చా వద్దా అన్నది ఆయన్నే చెప్పమను. వద్దంటే దిగకు, ఎందుకు వద్దన్నాడో అడిగి నోటుబుక్కులో రాసుకో. నువ్వు ఈదుతున్నంతసేపూ ఆయన కళ్లు నీ మీదే ఉంటాయి.

ఊళ్లో నీ ఈడు పిల్లల్లో ఇంకెవరికైనా ఆసక్తి ఉంటే కలుపుకో. నలుగురు కలిస్తే విజయనగరంలో ఒక పాత గేరు సైకిల్ కొనుక్కుని వంతులవారీగా తొక్కొచ్చు.